పైకి కనిపించని భూతాపం: సిరోంచ – కిన్వట్ పట్టీకి అన్వేషణ రిస్కు పటం తయారు చేయడం ఎలా?

గడ్చిరోలి జిల్లా సిరోంచ నుంచి చంద్రపూర్ జిల్లా రాజురా, జివతి మీదుగా నాందేడ్ జిల్లా కిన్వట్ దాకా సాగే సరిహద్దు పట్టీలో భూతాపం (నేల లోపలి వేడి) మాట ఎత్తితే అందరూ ముందు ఉనకేశ్వర్ వేడినీటి కుండాన్నే చూపిస్తారు. ఊట కనిపిస్తోంది కాబట్టి అక్కడ వేడి ఉందని చెప్పడానికి పటం అక్కరలేదు. అసలు చిక్కు ఊటలు లేని చోట వస్తుంది. ఇదే గోదావరి లోయలో, తెలంగాణ వైపు మణుగూరు దగ్గర, బొగ్గు కోసం వేసిన బోర్లలోంచి వేడినీరు తనంత తానే పైకి పొంగింది. ఆ ప్రాంతంలోని పగిడేరులో సింగరేణి సంస్థ 20 కిలోవాట్ల ప్రయోగాత్మక విద్యుత్ కేంద్రాన్ని కూడా పెట్టింది. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ దేశంలో 381 ఉష్ణ స్థలాలను గుర్తించింది. ఆ పట్టికలో ఉన్నవి ఎక్కువగా పైకి కనిపించినవే. అమెరికా భూగర్భ సర్వే 2008లో తన పశ్చిమ రాష్ట్రాల గురించి వేసిన లెక్కలో గుర్తించిన వనరు సుమారు 9,000 మెగావాట్లయితే, ఇంకా గుర్తించనిది సుమారు 30,000 మెగావాట్లు ఉండవచ్చని అంచనా వేసింది. మన దగ్గర ఆ నిష్పత్తే ఉంటుందని చెప్పలేము గానీ, ఊట లేకపోవడాన్ని వేడి లేకపోవడంగా తీసుకోకూడదని దీన్నిబట్టి తెలుస్తుంది.

భూగర్భశాస్త్రం చదువుతున్నవారు, బొగ్గు గనుల సర్వే విభాగాల్లో పనిచేస్తున్నవారు, క్యూజీఐఎస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పటాలు గీయగలిగినవారు, ఇలా పైకి కనిపించని వేడి ఎక్కడ ఉండవచ్చో చూపే రిస్కు పటాన్ని చాలావరకు సొంతంగానే తయారు చేసుకోవచ్చు. రకరకాల ఆధారాలను పటపు పొరలుగా గీసి, వాటిని కలిపి ఒక్కో చోటి అవకాశాన్ని లెక్కించే ఈ పద్ధతి చమురు పరిశ్రమ నుంచి వచ్చింది. అమెరికా ఇంధన శాఖ 2014లో దాన్ని భూతాపానికి మళ్ళించి 11 ప్రాజెక్టులకు నిధులిచ్చింది. వాటిలో నెవాడా బృందం గాబ్స్ లోయ దక్షిణ భాగాన్నీ గ్రానైట్ స్ప్రింగ్స్ లోయనూ పటం మీదే ఎంచుకుని, తర్వాత బోర్లు వేసి అక్కడ పైకి కనిపించని వేడి వ్యవస్థలు ఉన్నాయని తేల్చింది.

ముందుగా ఏది దొరికితే చాలో రాసుకోండి

రిస్కు అనేది ఒక లక్ష్యానికి సంబంధించిన మాట. లక్ష్యం రాసుకోకుండా గీసిన రిస్కు పటం రంగుల కాగితమే అవుతుంది. ఎంత లోతులో, ఎంత వేడి, సెకనుకు ఎన్ని లీటర్లు అనే మూడు అంకెలనూ మొదటి రోజే కాగితం మీద పెట్టండి. ఈ పట్టీకి నేను సూచించే లక్ష్యం 1,000 మీటర్ల లోపు 70 డిగ్రీల సెల్సియస్ నీరు, సెకనుకు 10 లీటర్ల ధార. ఆ నీటిని 40 డిగ్రీల దాకా చల్లార్చుకుంటే సుమారు 1,250 కిలోవాట్ల ఉష్ణం చేతికి వస్తుంది. గోదావరి ఒడ్డు మిరపకాయలను, నాందేడ్ పసుపును, గడ్చిరోలి వడ్లను ఆరబెట్టడానికి అది అక్కరకొచ్చే ఉష్ణమే.

విద్యుత్తును లక్ష్యంగా పెట్టుకోవాలనుకునేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. అలాస్కాలోని చెనాలో 2006 నుంచి 74 డిగ్రీల నీటితోనే కరెంటు తీస్తున్నారు. కానీ అక్కడ చల్లార్చడానికి మంచులాంటి నీరు ఏడాది పొడవునా దొరుకుతుంది. వేసవిలో 45 డిగ్రీలు దాటే చంద్రపూర్ ఎండలో అదే యంత్రం అంత ఫలితం ఇవ్వదు. అందుచేత ఇక్కడ ఉష్ణాన్ని నేరుగా వాడుకోవడమే తెలివైన లక్ష్యమని నా అభిప్రాయం.

పటాన్ని గళ్లుగా విడగొట్టండి. ఖాళీని సున్నాగా రాయకండి

మొత్తం ప్రాంతాన్ని కిలోమీటరు చదరపు గళ్లుగా విభజించండి. 78 డిగ్రీల తూర్పు రేఖాంశం మాహూర్‌కూ కిన్వట్‌కూ మధ్యగా పోతుంది. యూటీఎం అనే పట నిర్దేశాంక పద్ధతిలోని 43, 44 జోన్లు అక్కడే విడిపోతాయి. పని మొత్తాన్నీ 44వ జోన్‌లోకి మార్చుకోకపోతే పటపు పొరలు ఒకదానిమీద ఒకటి సరిగా పడవు. శిలల పటాలను, భ్రంశ రేఖలను (రాతిపొరలు విరిగి జరిగిన గీతలను) భూవైజ్ఞానిక సర్వేక్షణ వారి భుకోష్ పోర్టల్ నుంచి, ఎత్తుపల్లాల సమాచారాన్ని ఇస్రో వారి భువన్ నుంచి, భూకంపాల జాబితాను జాతీయ భూకంప కేంద్రం నుంచి తీసుకోవచ్చు.

ప్రతి పటపు పొరకూ తోడుగా ఇంకొక పొర గీయండి. మొదటిది ఆ గడిలో ఏముందో చెబుతుంది, రెండోది, అంటే నమ్మకం పొర, అక్కడ ఎంత కొలిచారో చెబుతుంది. సిరోంచకు ఉత్తరాన ఉన్న దట్టమైన అడవిలో ఎవరూ బోరు ఉష్ణోగ్రత కొలవలేదనుకోండి. ఆ గడిలో వేడికి సున్నా రాస్తే కొలిచి చల్లగా తేలిన గడికీ, ఎవరూ అడుగు పెట్టని గడికీ తేడా మాసిపోతుంది. పైకి కనిపించని వ్యవస్థలు మిగిలి ఉండేది ఎక్కువగా ఆ రెండో రకం గళ్లలోనే. కొలవని గడికి ఆ శిలాప్రాంతపు సగటు సంభావ్యత ఇచ్చి, నమ్మకం పొరలో మాత్రం తక్కువ మార్కు వేయండి. ఈ ఒక్క నియమం తప్పితే తర్వాత వాడే గణితం ఎంత గొప్పదైనా పటం రోడ్ల వెంబడి ఉన్న ఊళ్లనే మెచ్చుకుంటుంది.

వేడి పొర

లోతుకు పోయేకొద్దీ వేడి పెరిగే రేటును గ్రేడియెంట్ అంటాము. పైనేల సగటు ఉష్ణోగ్రత 27 డిగ్రీలు, గ్రేడియెంట్ కిలోమీటరుకు 30 డిగ్రీలు అనుకుంటే కిలోమీటరు లోతులో 57 డిగ్రీలే ఉంటుంది. మన 70 డిగ్రీల లక్ష్యం అందాలంటే కిలోమీటరుకు 43 డిగ్రీలు కావాలి, లేదా లోతు నుంచి వేడినీరు పగుళ్ల వెంట పైకి లేచి ఉండాలి. మీరు వెతుకుతున్నది ఈ రెండో పరిస్థితినే.

వేలకొద్దీ వ్యవసాయ బోర్లు మీకు ఉచితంగా దొరికే థర్మామీటర్లు. 100 మీటర్ల బోరులో నీరు మామూలుగా పైనేల సగటు కన్నా రెండు మూడు డిగ్రీలే ఎక్కువ ఉండాలి. ఐదారు డిగ్రీలు ఎక్కువ కనిపిస్తే దానికి కారణం వెతకాలి. కొలత మాత్రం జాగ్రత్తగా తీసుకోవాలి. త్రీఫేజ్ కరెంటు వచ్చే వేళకే బోరు దగ్గరికి వెళ్లండి. మోటారు ఆన్ చేశాక మొదట వచ్చేది ఎండలో పడి ఉన్న నల్ల పైపులో కాగిన నీరు, ఆ వెనుక కేసింగ్‌లో నిలిచి ఉన్న నీరు. ఇరవై నిమిషాలు పారనిచ్చి, వరుసగా మూడు కొలతలు ఒకటే వచ్చేదాకా ఆగండి. థర్మామీటర్‌ను తొట్టిలో పెట్టకూడదు. బోరు మూతి దగ్గర, పైపు ఇంకా నేలకు తగలకముందే ధారలో పెట్టాలి. బోరు లోతు ఎంత, మోటారును ఎన్ని అడుగుల దగ్గర దింపారు, నీరు ఎక్కడ పడింది అన్నవి రైతును అడిగి రాసుకోండి; రైతుకు ఈ మూడూ నోటికి ఉంటాయి. మోటారు వేడి కూడా నీటికి కొంత అంటుతుంది కాబట్టి ధార సన్నగా వచ్చే బోరు అంకెను పూర్తిగా నమ్మకండి.

బోర్లు లేని చోట రెండు మీటర్ల లోతుకు ఇనుప గొట్టం దింపి నేల ఉష్ణోగ్రత కొలిచే పద్ధతి ఉంది. తడిపిన వరిమళ్ల పక్కనా, నల్లరేగడి పగుళ్లలోనూ అంకెలు తప్పుదారి పట్టిస్తాయి. మొత్తం సర్వేను తక్కువ రోజుల్లో ముగించి, ఒక స్థిర కేంద్రంలో రోజూ కొలుస్తూ ఉంటే రుతువు ప్రభావాన్ని తీసివేయవచ్చు. ఉపగ్రహ ఉష్ణ చిత్రాల మీద పెద్దగా ఆశ పెట్టుకోనక్కరలేదు. ల్యాండ్‌శాట్ ఉష్ణ చిత్రపు విభేదన 100 మీటర్లు, అందులో ఎండ, బండరాయి, బొగ్గు కుప్పలు కనిపించినంతగా లోపలి వేడి కనిపించదు.

బొగ్గు అన్వేషణ బోర్ల లాగ్‌లు దొరికితే అదృష్టమే. అయితే డ్రిల్లింగ్ ఆపిన కొద్ది గంటలకే తీసిన అడుగు ఉష్ణోగ్రత అసలు కన్నా తక్కువ చూపిస్తుంది, ఎందుకంటే డ్రిల్లింగ్ మడ్డి (తవ్వేటప్పుడు బోరులోకి పంపే బురద నీరు) రాతిని చల్లార్చి ఉంటుంది. వేర్వేరు సమయాల్లో తీసిన కొలతలు ఉంటే హార్నర్ పద్ధతిలో, అంటే కాలంతో పాటు అంకె పెరిగే తీరును బట్టి అసలు ఉష్ణోగ్రతను అంచనా వేసి, సరిచేయండి. ఒకే కొలత ఉంటే దాన్ని కనీస విలువగానే వాడండి. ఇంకొక చిక్కు బొగ్గుదే. ఇసుకరాయితో పోలిస్తే బొగ్గు వేడిని చాలా తక్కువగా పోనిస్తుంది, దుప్పటిలా కప్పుతుంది, అందువల్ల మందమైన బొగ్గు పొరల్లో గ్రేడియెంట్ ఎక్కువగా కనిపిస్తుంది. గ్రేడియెంట్‌ను శిల ఉష్ణవాహకతతో గుణించి ఉష్ణ ప్రవాహాన్ని లెక్కించి, పటం మీద దాన్నే గీయండి.

నీరు పారే పగుళ్ల పొర

ఈ ప్రాంతంలో పందెం గెలిపించేదీ ఓడించేదీ ఈ పొరేనని నేను అనుకుంటాను. ప్రాణహిత–గోదావరి ద్రోణి (బొగ్గు పొరలున్న పల్లపు శిలాప్రాంతం) వాయవ్యం నుంచి ఆగ్నేయానికి పడుకుని ఉంది, దాని అంచు భ్రంశాలు కూడా అదే దిశలో ఉన్నాయి. పటంలో పొడుగ్గా, గంభీరంగా కనిపించే ఆ గీతల మీదే ఎక్కువ మార్కులు వేయాలనిపిస్తుంది. కానీ భారత ద్వీపకల్పంలో భూపటలపు గరిష్ఠ క్షితిజ సమాంతర ఒత్తిడి స్థూలంగా ఉత్తర–ఈశాన్య దిశలో, అంటే ఉత్తరం నుంచి తూర్పుకు ఇరవై, పాతిక డిగ్రీల మేరకు ఒరిగి ఉంటుంది. వాయవ్య–ఆగ్నేయ భ్రంశం ఆ ఒత్తిడికి దాదాపు అడ్డంగా పడుతుంది కాబట్టి అది నొక్కుకుపోయి మూసుకునే అవకాశం ఎక్కువ. ఈశాన్య–నైరుతి దిశలో దాన్ని కోసుకుపోయే చిన్న భ్రంశాలు ఒత్తిడి దిశకు దగ్గరగా ఉంటాయి కాబట్టి అవి తెరుచుకుని ఉండే అవకాశం ఎక్కువ.

దిశ ఒక్కటే తీర్పు చెప్పదు. ఉనకేశ్వర్ ఊటలను వాయవ్య–ఆగ్నేయంగా పోయే కడెం భ్రంశంతోనే ముడిపెడతారు. నెవాడాలో తెలిసిన వేడి వ్యవస్థలను వరసగా పరిశీలించినప్పుడు, వాటిలో ఎక్కువ భాగం పెద్ద భ్రంశాల నడిమి భాగంలో గాక, భ్రంశాలు ఒకదాన్నొకటి కోసుకునే చోట, ఒకటి ఆగి పక్కన ఇంకొకటి మొదలయ్యే చోట, చివరలు చీలికలై పోయే చోట ఉన్నాయని తేలింది. కాబట్టి భ్రంశానికి ఎంత దూరమన్న లెక్కతో ఊరుకోకుండా ఖండన బిందువులకూ చివరలకూ విడిగా పొర గీసి, దూరం పెరిగేకొద్దీ మార్కు తగ్గేలా పెట్టండి. భ్రంశరేఖ పటంలో ఉన్నచోటే నేల మీద ఉంటుందన్న హామీ లేదు. ఒండ్రు కింద పోయే రేఖలకు ఆ తగ్గుదలను ఇంకా నెమ్మదిగా పెట్టాలి.

భూకంపాలు పగుళ్లు ఇంకా కదులుతున్నాయనడానికి ఆధారం. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో ఒకటి, 2024 డిసెంబర్ 4న ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో ఇంకొకటి వచ్చాయి. రెండోది గడ్చిరోలి జిల్లా దాకా తెలిసింది. ఖనిజ పూత పట్టి మూసుకుపోయిన పగుళ్లను ఇటువంటి కదలికలే మళ్ళీ తెరుస్తాయి. భూకంప కేంద్రాల స్థానంలో కిలోమీటర్ల తేడా ఉండవచ్చు కాబట్టి ఈ పొరను మరీ సన్నగా గీయకండి.

నేరుగా సాక్ష్యమిచ్చేవి డ్రిల్లర్ల నోటు పుస్తకాలు. ఫలానా మీటరు దగ్గర మడ్డి మొత్తం లోపలికి పోయిందని, రాడ్లు ఒక్కసారిగా జారాయని, నీరు పైకి పొంగిందని రాసి ఉంటుంది. బొగ్గు మందం కోసం ఆ లాగ్‌ను చదివేవారు ఆ వాక్యాలను పట్టించుకోరు. మీకు కావలసింది అవే. ఎక్కడెక్కడ మడ్డి పోయిందో లోతుతో సహా ఒక్కొక్కటిగా పటంలోకి ఎక్కించండి.

నీటి రసాయనం

నీటి నమూనాను 0.45 మైక్రాన్ల వడపోత గుండా తీసి, లోహ అయాన్ల సీసాలో నైట్రిక్ ఆమ్లం కలిపి, సిలికా నమూనాను స్వేదనజలంతో అక్కడికక్కడే పలుచన చేయాలి. పీహెచ్, క్షారత, ఉష్ణోగ్రత కూడా అక్కడే కొలవాలి. ధన, రుణ అయాన్ల లెక్క ఐదు శాతానికి మించి తేడా వస్తే ఆ విశ్లేషణను పక్కన పెట్టండి.

సిలికా నుంచి లోపలి ఉష్ణోగ్రతను అంచనా వేసే సూత్రాలు రెండున్నాయి, సిలికా ఖనిజ రూపాలైన క్వార్ట్జ్, కాల్సెడొనీల పేర్లతో. లీటరుకు మిల్లీగ్రాముల్లో ఉన్న సిలికా విలువకు పది ఆధారంగా లాగరిథం తీసి, 5.19లోంచి దాన్ని తీసివేసి, 1,309ని ఆ శేషంతో భాగించి, 273.15 తగ్గిస్తే క్వార్ట్జ్ ఉష్ణోగ్రత వస్తుంది. అంకెలను 4.69, 1,032గా మారిస్తే కాల్సెడొనీ ఉష్ణోగ్రత వస్తుంది. లీటరుకు 60 మిల్లీగ్రాముల సిలికా ఉన్న నీటికి మొదటిది సుమారు 110 డిగ్రీలు చెబుతుంది, రెండోది సుమారు 81. పెద్ద అంకెను నివేదికలో వేసుకోవాలన్న కోరిక ఎవరికైనా కలుగుతుంది గానీ, ఇంత తక్కువ ఉష్ణోగ్రతల్లో, ముఖ్యంగా బసాల్ట్ అనే నల్లరాతిలో, కాల్సెడొనీయే నమ్మదగినది. అంతకన్నా ముఖ్యమైన జాగ్రత్త ఇంకొకటుంది. మాహూర్, కిన్వట్ వైపు డెక్కన్ నల్లరాతిలో చల్లని బావి నీటిలో కూడా రాయి శిథిలమవడం వల్ల సిలికా ఎక్కువగానే ఉంటుంది. అక్కడ సిలికా ఒక్కటే చూసి గడికి మార్కు పెంచకూడదు. పెన్‌గంగ సున్నపురాళ్ల మీద ఆ రెండు మూలకాల నిష్పత్తి నుంచి ఉష్ణోగ్రతను అంచనా వేసే సోడియం–పొటాషియం సూత్రం పనిచేయదు. మెగ్నీషియం ఎక్కువగా ఉంటే చల్లని నీరు కలిసిందని అర్థం.

ఫ్లోరైడ్ సంగతి వేరుగా చూడాలి. యవత్‌మాళ్, కిన్వట్ ప్రాంతాల్లో తాగునీటి బోర్లలో ఫ్లోరైడ్ సమస్య పాతదే, పరీక్షల ఫలితాలూ ఊరూరా ఉన్నాయి. లోతుగా తిరిగి వచ్చిన వేడినీటిలో సాధారణంగా కాల్షియం తగ్గి, సోడియం, ఫ్లోరైడ్ పెరుగుతాయి. అయితే మామూలు గ్రానైట్ నీటిలోనూ ఫ్లోరైడ్ ఉంటుంది కాబట్టి, ఫ్లోరైడ్‌తో పాటు ఉష్ణోగ్రత కూడా పెరిగిన బోర్లకే ఇక్కడ విలువ ఇవ్వండి.

విద్యుత్ నిరోధ సర్వేలు చేయించే స్తోమత ఉంటే చేయించండి గానీ, తక్కువ నిరోధం కనిపించగానే వేడినీరు దొరికిందని సంబరపడకండి. సిరోంచ వైపు మలేరి అని పిలిచే ఎర్ర బంకమట్టి శిలల పొరలు చల్లగా ఉన్నా తక్కువ నిరోధాన్నే చూపిస్తాయి. ఆ బంకమట్టి పొరలే వేడినీటిని కింద కప్పిపెట్టి ఊటగా పైకి రానివ్వకపోవచ్చు కూడా.

పొరలను కలపడం

వేడి, పగుళ్లు, నీరు అనే మూడింటినీ సంభావ్యతలుగా మార్చి గుణించండి, సగటు తీయకండి. ఒక గడిలో వేడికి 0.6, పగుళ్లకు 0.3, నీటికి 0.8 ఇచ్చారనుకుందాం. సగటు 0.57 వస్తుంది, గడి బాగుందనిపిస్తుంది. గుణిస్తే 0.144 వస్తుంది, అంటే ఏడు బోర్లు వేస్తే ఒకటి ఫలించవచ్చు. మూడూ ఉంటేనే వ్యవస్థ ఉన్నట్టు కాబట్టి రెండో అంకే నిజానికి దగ్గర. వేడి, పగుళ్లు ఒకే సాక్ష్యం మీద ఆధారపడితే మాత్రం అవి స్వతంత్రం కావు. ఉదాహరణకు ఒకే వెచ్చని బోరును రెండు పొరల్లోనూ లెక్కించి ఉంటే ఒక చోట నుంచి తీసేయండి.

ప్రతి మార్కుకూ ఒక్క అంకె గాక తక్కువ, ఎక్కువ హద్దులు ఇచ్చి, వాటి మధ్య యాదృచ్ఛికంగా వేల సార్లు లెక్క నడిపితే ప్రతి గడికీ సంభావ్యతల పరిధి వస్తుంది. మధ్య విలువను ఒక పటంగా, పరిధి వెడల్పును ఇంకొక పటంగా అచ్చువేయండి. రెండింటినీ కలిపి ఒకే రంగులో చూపించమని నిధులిచ్చేవారు అడుగుతారు. ఒప్పుకోకండి.

యంత్రాభ్యాస (మెషిన్ లెర్నింగ్) పద్ధతులతో బరువులు, అంటే ఏ ఆధారానికి ఎంత ప్రాధాన్యమో, తేల్చాలని చాలామందికి ఉత్సాహం ఉంటుంది. తెలిసిన వేడి స్థలాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఉన్న చోట యంత్రం నేర్చుకునేది రోడ్ల పటాన్నే. నిపుణుల అంచనాతో మొదలుపెట్టి, ఆ పటాన్ని ఇలా పరీక్షించండి: అధ్యయన ప్రాంతాన్ని ఆగ్నేయంగా మణుగూరు దాకా పొడిగించి, అక్కడి బోర్ల ఉష్ణోగ్రతలనూ వేడినీటి సమాచారాన్నీ పూర్తిగా దాచిపెట్టి, మిగిలిన ఆధారాలతో లెక్క నడపండి. మణుగూరు గళ్లు పై పది శాతంలోకి రాకపోతే మీ బరువుల్లో ఎక్కడో తేడా ఉంది. తర్వాత ఉనకేశ్వర్‌ను దాచి మళ్ళీ చేయండి.

తర్వాతి రూపాయి ఎక్కడ పెట్టాలి?

అత్యధిక సంభావ్యత ఉన్న గడిలో వెంటనే లోతైన బోరు వేయడం సాధారణంగా తెలివైన పని కాదు. ముందు 100 నుంచి 150 మీటర్ల గ్రేడియెంట్ బోరు వేయండి. వ్యవస్థ ఉంటే ఆ బోరు నూటికి ఎనభై సార్లు వేడి చూపిస్తుందని, లేకపోయినా ఇరవై సార్లు పొరపాటున చూపిస్తుందని అనుకుందాం. 0.144తో మొదలైన గడి వేడి చూపిస్తే సుమారు 0.40కి ఎక్కుతుంది, చూపించకపోతే 0.04కి పడిపోతుంది. ఒక చిన్న బోరు నిర్ణయాన్ని ఇంతగా మార్చగలిగిందంటే దాని ఖర్చు దండగ కాదు. ముందే 0.02 ఉన్న గడిలో అదే బోరు వేడి చూపించినా 0.08 దాటదు, కాబట్టి అక్కడ వేయకండి. మధ్యస్థ సంభావ్యత ఉండి నమ్మకం తక్కువగా ఉన్న గళ్లకే వరసలో ముందు చోటివ్వండి.

అనుమతుల రిస్కును భూగర్భ రిస్కుతో కలిపి గుణించకండి. దాన్ని వేరే పటంగా ఉంచండి. గడ్చిరోలిలో ఎక్కువ భాగం అడవి, రాజ్యాంగం ఐదో షెడ్యూల్ కిందికి వచ్చే ఆదివాసీ ప్రాంతం; 1996 నాటి పెసా చట్టం కింద గ్రామసభలకు హక్కులున్నాయి. గ్రేడియెంట్ బోరు వేసే ముందే గ్రామసభ దగ్గరికి వెళ్లి, వేడినీరు పొంగితే ఎటు పోతుంది, అందులో ఫ్లోరైడ్ ఉంటే చెరువులోకి పోకుండా ఏం చేస్తారు అన్న ప్రశ్నలకు రాతపూర్వకంగా సమాధానం ఇవ్వండి. కేంద్ర నవీన ఇంధన శాఖ 2025లో జాతీయ భూతాప విధానాన్ని ప్రకటించింది కాబట్టి దరఖాస్తులు ఆ చట్రంలోనే సిద్ధం చేసుకోండి.

బోరు పూర్తయ్యాక వారాల తరబడి వదిలి, ఉష్ణోగ్రత స్థిరపడ్డాక థర్మామీటర్‌ను మళ్ళీ దింపి కొలవండి. వచ్చిన ఫలితం చల్లగా ఉన్నా సరే, తేదీ, లోతు, పరికరం వివరాలతో పటంలోకి ఎక్కించి, ఆ గడితో పాటు అదే భ్రంశ ఖండన మీద ఉన్న మిగతా గళ్ల అంకెలను కూడా అదే రోజు సవరించండి.